ఫెర్గస్ సార్‌కు గుర్తులేని ఆట

మొన్న శుక్రవారం మధ్యాహ్నం అల్ అజీజియాలో ఒక మందుల షాపుకు వెళ్లి మోకాళ్ల నొప్పికి ఏదైనా ఇమ్మని అడిగాను. కౌంటర్ వెనక ఉన్న సూడానీ ఆయన ఒక ట్యూబు తీసి, మూత విప్పి, ఇది మంచిదన్నట్టు నా ముఖం ముందు పెట్టాడు. కర్పూరంలాంటి ఘాటు వాసన, కళ్లలో నీళ్లు తెప్పించే వాసన. అది ముక్కుకు తగలగానే నా రెండు చేతులూ కౌంటర్ మీది నుంచి వాటంతటవే వెనక్కి వచ్చేశాయి. షాపాయన నవ్వాడు. నేను ట్యూబు కొనకుండానే బయటికొచ్చి, ఎండలో కాసేపు ఊరికే నిలబడ్డాను. అది ఫెర్గస్ సార్ వాసన. పొద్దున్నే ఆయన కుడి మోకాలికి ఆ మందు రుద్దుకుని వచ్చేవారు. మనిషి కనబడేలోపే వాసన వచ్చేది. ఆ వాసన వస్తే ఇవాళ ఎవరికీ ఏమీ కాదని మేమంతా ధైర్యంగా ఉండే కాలం ఒకటుంది. అదే వాసనకు నేను చేతులు వెనక్కి లాక్కున్న కాలం ఇంకొకటుంది.

దమ్మామ్ రేవుకు దగ్గర్లో మా యార్డు. చమురు బావుల దగ్గర వాడే పంపులు, వాల్వులు, గదులంత ఇనుప ట్యాంకులు మరమ్మతుకు అక్కడికి వస్తాయి. వాటిని క్రేన్‌తో ఎత్తడం, దించడం ఫెర్గస్ సార్ మాట మీద జరిగేది. ఆయన లిఫ్టింగ్ సూపర్‌వైజర్. స్కాట్లాండ్ మనిషి, యాభై దాటి చాలా కాలమైంది. ముక్కు ఒక పక్కకు వంగి ఉండేది, కనుబొమ మీద పాత కుట్ల గీత, నడిస్తే కుడికాలు కాస్త ఈడ్చేవారు. అవన్నీ ఫుట్‌బాల్ మిగిల్చినవి. టీవీలో మనం చూసే ఫుట్‌బాల్ కాదు. వారమంతా ఏదో ఒక పని చేసుకుని, శనివారం చిన్న ఊళ్లలో ఆడేవాళ్ల ఫుట్‌బాల్. మైదానం మధ్యలో నిలబడి అటువాళ్ల ఆట చెడగొట్టి, ఇటువాళ్లకు బంతి అందించడం ఆయన పని. అలా పద్నాలుగేళ్లో పదిహేనేళ్లో ఆడానని చెప్పేవారు.

నేను జగిత్యాల దగ్గరి పల్లె నుంచి రిగ్గర్‌గా వచ్చాను. లోడ్‌కు పట్టీలు కట్టి, క్రేన్ ఎత్తేటప్పుడు అది ఊగిపోకుండా తాడు పట్టుకుని నడిచేవాడు రిగ్గర్. మా యార్డులో చేరేముందు ఇంకొక కంపెనీలో పని చేశాను. అక్కడ ఒకరోజు పైపుల కట్ట జారింది. నా పక్కన తాడు పట్టుకున్న నేపాలీ మనిషి దాని కింద పడిపోయాడు. అంతకు ముందు క్షణంలోనే అతను నన్ను చూసి ఏదో అనబోయాడు. ఏమనబోయాడో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ తర్వాత తలపైన ఏది వేలాడినా నా కాళ్లు పట్టు తప్పేవి. ఇంట్లో చెప్పలేదు, తోటివాళ్లతో కలిసి ఉండే క్యాంపులో చెప్పలేదు. భయపడే రిగ్గర్‌ను ఎవరు ఉంచుకుంటారు?

మా యార్డులో మొదటి ఉదయం పని మొదలయ్యే ముందు అందరినీ గుండ్రంగా నిలబెట్టారు. ఇలాంటి మీటింగులు అన్ని కంపెనీల్లోనూ ఉంటాయి. హెల్మెట్ పెట్టుకోండి, నీళ్లు తాగండి అని చెప్పి పంపించేస్తారు. ఫెర్గస్ సార్ మాత్రం తన వచ్చీరాని హిందీలో ఒక్కొక్కరినీ "ఆజ్ డర్ క్యా హై?" అని అడిగారు. ఇవాళ నీ భయమేమిటి అని. ఒకడు గాలి అన్నాడు. ఒకడు కొత్త క్రేన్ ఆపరేటర్ అన్నాడు. నా దాకా వచ్చేసరికి నేను "కుఛ్ నహీ సార్" అన్నాను.

ఆయన నా మోకాళ్ల వైపు చూశారు. అవి వణుకుతున్నాయని నాకప్పుడే తెలిసింది. నన్ను పక్కకు తీసుకెళ్లి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పారు. "నేను ఆడిన ప్రతి ఆటకు ముందూ వాంతి చేసుకునేవాణ్ని. మా కుర్రాళ్లు నవ్వేవాళ్లు. ఒకసారి వాంతి రాలేదు. ఆ రోజే మోకాలు విరిగింది. ఏం చూశావో చెప్పు."

నేను పైపుల సంగతి చెప్పాను. హిందీ, ఇంగ్లీషు, కొంత తెలుగు కలిపి ఎలాగో చెప్పాను. ఆయన అంతా విని, "ఈ వారం నువ్వు నేల మీది పనే చెయ్యి. వచ్చే వారం నా పక్కన నిలబడు. ఆ తర్వాత చూద్దాం" అన్నారు. ఆ యార్డులో నేను నిలదొక్కుకున్నది ఆ మాటతోనే.

టీ వేళల్లో కంటైనర్ నీడన కూర్చుని ఆయన తన ఆట కథలు చెప్పేవారు. చిన్నప్పుడే ఒక పెద్ద క్లబ్బు ఆయన్ను తీసుకుందట. మూతి మీద మీసం సరిగ్గా రాకముందే మేనేజర్ గదిలోకి పిలిచి, నీకు బుర్ర ఉంది గాని కాళ్లలో వేగం లేదని చెప్పి పంపేశాడట. "మా నాన్నకు ఎలా చెప్పాలో తెలియక, బస్సు ముందు స్టాపులోనే దిగి వానలో నడుచుకుంటూ ఇంటికెళ్లాను" అన్నారు. ఆ తర్వాత ఉత్తరాన సముద్రం పక్కనున్న ఒక చిన్న ఊరి క్లబ్బులో చేరారు. పగలు రేవులో క్రేన్ల పని, సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం ఆట. గాలికి తన్నిన బంతి తన్నినవాడి దగ్గరికే తిరిగొచ్చేదట. చూడ్డానికి వచ్చే జనం మా యార్డులో భోజనాల గంటకు కూర్చునేంత మంది.

"నా పనేమిటో తెలుసా గంగా?" అనేవారు. నా పేరు గంగాధర్. "అటువైపు గోల్‌కీపర్ బంతిని ఆకాశంలోకి తంతాడు. అది పడేచోట నేను నిలబడి, తలతో తిరిగి అటే పంపాలి. వాడు మళ్లీ తంతాడు. నేను మళ్లీ పంపాలి. నా జీవితంలో సగం అదే."

ఆయన గొప్ప ఆట ఒకటుంది. కప్పు పోటీల్లో చిన్న క్లబ్బులకు ఒక్కోసారి పెద్ద క్లబ్బులతో ఆడే అవకాశం వస్తుందట. అలా ఒక పెద్ద నగరం క్లబ్బు వాళ్ల ఊరికి వచ్చింది. ఊళ్లో దుకాణాలు మూసేశారు. మైదానంలోకి వెళ్లే ఇరుకు దారిలో నిలబడి ఉంటే, తన బూట్ల మేకులు సిమెంటు మీద టకటకలాడాయట, అంతగా వణికారట. మొదటి సగంలోనే అవతలివాడి తల, ఈయన తల గుద్దుకున్నాయి. స్పాంజితో నీళ్లు కొట్టి లేపి, వేళ్లు చూపించి ఎన్నని అడిగారు. సరిగ్గానే చెప్పారట. మళ్లీ ఆడారట. రెండో సగంలో ఇద్దరి మధ్యలోంచి ఈయన ఇచ్చిన బంతితోనే గోల్ పడిందట. గెలిచారట.

"అన్నీ 'ట'లే" అని నవ్వారు ఫెర్గస్ సార్, విన్న సంగతికి మనం చేర్చే ఆ 'ట' ఆయనకు నేనే నేర్పాను. "నాకు గుర్తున్నది ఆ ఇరుకు దారి. ఆ తర్వాత మా అమ్మ వంటింట్లో నా బూట్లు కడుగుతోంది. మధ్యలో ఏమీ లేదు. ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ ఆ పాసు గురించి చెబుతారు. నేను కూర్చుని, ఎవరో మంచి ఆటగాడి గురించి విన్నట్టు వింటాను."

మేమంతా నవ్వాం. మా డ్రైవర్ ఖాదర్ భాయ్, కడప మనిషి, "ఇదేందబ్బా, పెండ్లి జరిగిందంట, పెండ్లికొడుక్కే తెలీదంట" అన్నాడు. దాన్ని నేను ఇంగ్లీషులో చెబితే ఫెర్గస్ సార్ కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. జ్ఞాపకంలోని ఆ ఖాళీ అప్పటికే ఆయన వెనక నడిచి వస్తోందని మాలో ఎవరికీ తెలియదు.

మొదట తేడా పట్టింది ఖాదర్ భాయే. అజీజియాలో ఫెర్గస్ సార్ ఫ్లాటు నుంచి యార్డుకు రోజూ ఆయన్ను తెచ్చేది అతనే. ఒకరోజు భోజనం దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు. "గంగాధరూ, నిన్న సాయంత్రం సారు కారు దిగి పక్క బిల్డింగులోకి పోయినాడు. తాళం తిప్పుతాండాడు, తిప్పుతాండాడు. నేను పోయి చెయ్యి పట్టుకోని తీసకచ్చినా. నవ్వినాడు గానీ, ఆ కండ్లు చూస్తే నాకు భయమైపాయ."

అలసట అనుకున్నాం. తర్వాత నన్ను ఇంకెవరిదో పేరుతో పిలిచారు, తన పాత టీములోని వాడి పేరు కాబోలు. ఒక ఉదయం మీటింగులో అందరి భయాలూ విని, చివరికొచ్చి, మళ్లీ మొదటివాడి దగ్గరికెళ్లి అడగడం మొదలుపెట్టారు. మొదటివాడు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. అందరం మళ్లీ మా భయాలు చెప్పాం, కాని అప్పటికి అందరి అసలు భయం వేరే అయిపోయింది.

ఒకరోజు ఒక పంపును దిమ్మల మీద నిలబెడుతున్నాం. క్రేన్‌కు సైగ చేసేవాడు జ్వరమని రాలేదు, ఫెర్గస్ సారే సైగలు చేస్తున్నారు. ఒక దిమ్మ పక్కకు జరిగింది. లోడ్ కాస్త పైకి లేపితే సర్దుతానని చెప్పి నేను రెండు చేతులూ కింద పెట్టాను. పైకి లేపాలంటే వేలు పైకి చూపించి తిప్పాలి. ఆయన వేలు కిందికి చూపించి తిప్పారు. స్పష్టంగా, ఏ తడబాటూ లేకుండా, కిందికి.

క్రేన్‌లో ఉన్న పఠాన్ ఆపరేటర్ దించలేదు. అతనికి నా చేతులు కనబడుతున్నాయి. లివర్ మీద చెయ్యి బిగబట్టుకుని, నోరు తెరిచి అలాగే కూర్చున్నాడు. నేను చేతులు లాక్కున్నాను. ఫెర్గస్ సార్ ఇంకా వేలు తిప్పుతూనే ఉన్నారు. ఎందుకు కదలడం లేదని ఆపరేటర్ మీద చిరాకు పడ్డారు. ఏం జరిగిందో ఆయనకు తెలియనే లేదు. నా పక్కనే నిలబడి ఉన్నారు, ఆ మందు వాసన వస్తోంది. ఆ ఒక్క నిమిషంలో ఆ వాసన నాకు శత్రువైపోయింది.

ఆ సాయంత్రం ఖాదర్ భాయ్‌తో చెప్పాను, సార్‌తో మాట్లాడతానని. అతను తల అడ్డంగా ఊపాడు. "నీకెందుకబ్బీ. ఆయప్పకు కోపమొస్చాది. ఒక మాట మేనేజర్‌కు చెప్పినాడంటే నీ ఇకామా ఏమయితాదో ఆలోచించుకో. వేరే యార్డుకు మార్పించుకోని పో."

అది తప్పు సలహా కాదు. ఇకామా అనే ఆ ఉండనిచ్చే కార్డు రద్దయితే ఈ దేశంలో నాకు నిలబడే చోటు లేదు. కాని చెప్పకపోతే రేపు ఎవరి చేతులు అక్కడ ఉంటాయో? మేనేజర్ దగ్గరికి వెళ్లడానికి మనసు ఒప్పలేదు. ఆయనకు తెలియకుండా ఆయన గురించి చెప్పడం నాకు చేతకాలేదు. మర్నాడు అందరూ టీకి వెళ్లాక ఆయన క్యాబిన్‌లోకి వెళ్లి తలుపు వేశాను.

"సార్, నిన్న మీరు పైకి అనబోయి కిందికి సైగ చేశారు. నా చేతులు కింద ఉన్నాయి."

"లేదు" అన్నారు.

"ఆపరేటర్‌ను అడగండి సార్. ఇది మొదటిసారి కాదు. మీకు ఏదో అవుతోంది."

ఆయన ముఖం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచారు. అంత పెద్ద మనిషి అంత దగ్గరగా నిలబడితే కొడతారేమో అనుకున్నాను. "నువ్వు పుట్టకముందు నుంచీ క్రేన్ల కింద ఉన్నాను. బయటికి పో" అన్నారు. వేలు తలుపు వైపు చూపించారు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఆయన నాతో మాట్లాడలేదు. ఆఫీసు నుంచి ఎవరైనా నా వైపు నడిచొస్తే నన్ను ఇంటికి పంపేసే ఎగ్జిట్ కాగితమే అనుకునేవాణ్ని. లోడ్ లేచిన ప్రతిసారీ ఒక కన్ను లోడ్ మీద, ఒక కన్ను ఆయన చేతి మీద పెట్టి పని చేశాను. ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య సుజాత "గొంతు గట్లున్నదేంది" అని అడిగేది. ఏసీ గాలి పడలేదని చెప్పేవాణ్ని.

ఆ వారంలోనే యార్డుకు ఒక పెద్ద ట్యాంకు వచ్చింది. రెండు క్రేన్లు కలిసి ఎత్తాలి. రెండూ ఒకే మనిషి మాట మీద, ఒకే వేగంతో కదలాలి. ఒకటి తొందరపడితే బరువంతా రెండోదాని మీద పడి, రెండూ ఒరుగుతాయి. ట్యాంకు తాలూకు కంపెనీవాళ్లు తెల్లటి హెల్మెట్లు పెట్టుకుని చూడ్డానికి వచ్చారు. మేనేజర్ గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఫెర్గస్ సార్ క్యాబిన్ వెనక నుంచి మూతి తుడుచుకుంటూ రావడం నేను చూశాను. వాంతి చేసుకున్నారని అర్థమైంది.

ఎప్పటిలాగే అందరం గుండ్రంగా నిలబడ్డాం. ఒక్కొక్కరూ తమ భయం చెప్పారు. గాలి. మెత్తటి నేల. నా వంతు వచ్చింది. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన మెల్లగా తల ఊపారు. తర్వాత అందరికీ వినబడేలా హిందీలో, "మేరా డర్ మై హూ" అన్నారు. నా భయం నేనే.

మేనేజర్ నవ్వబోయాడు. "ఫెర్గస్, వచ్చినవాళ్లు ఎదురు చూస్తున్నారు."

"నా తల నా మాట వినడం లేదు" అన్నారు ఆయన ఇంగ్లీషులో. "ఇల్లు మర్చిపోతున్నాను. మొన్న ఈ మనిషి చేతుల మీద పంపు దించబోయాను. ఇతను చెబితే వెళ్లగొట్టాను. ఇవాళ నా మాట మీద ఎవరూ ఆ ట్యాంకు దగ్గర నిలబడకూడదు."

మేనేజర్ నా వైపు తిరిగి, ఇది నిజమేనా అని అడిగాడు. తెల్ల హెల్మెట్లన్నీ నా వైపు తిరిగాయి. నేను నిజమేనన్నాను. ఎవరూ అడగకుండానే వెనక నుంచి ఖాదర్ భాయ్, "సచ్ హై సాబ్. రోజూ తీసకచ్చేది నేనే గదా" అన్నాడు, సగం హిందీ సగం తెలుగులో. ఫెర్గస్ సార్ సూపర్‌వైజర్ వేసుకునే ఎర్ర కోటు విప్పి మడత పెట్టారు. మడత సరిగ్గా రాలేదు. మళ్లీ విప్పి మళ్లీ మడిచారు. దాన్ని మేనేజర్ చేతిలో పెట్టి, కాలు ఈడ్చుకుంటూ క్యాబిన్‌లోకి వెళ్లిపోయారు.

ఆ రోజు ట్యాంకు లేవలేదు. తర్వాత జుబైల్ నుంచి ఇంకొక సూపర్‌వైజర్ వచ్చి ఎత్తించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఖోబర్‌లో డాక్టర్ తలకు స్కాన్ తీయించి, మెదడు కుంచించుకుపోతోందని చెప్పాడు. తలకు తగిలిన దెబ్బల వల్ల అయ్యుండవచ్చు, కాకపోయీ ఉండవచ్చు, కచ్చితంగా చెప్పలేమన్నాడు. ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. మధ్యాహ్నం విమానానికి ఖాదర్ భాయ్ కారు నడిపాడు, నేను వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను.

చాలా దూరం కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నారు. తర్వాత అన్నారు, "మధ్యలో విమానం మారాలి. మా అమ్మాయి అవతల ఉంటుంది. మధ్యలో ఆ ఊళ్లో ఉండగా, నేనెవరో నేను మర్చిపోతే?"

విమానంవాళ్ల మనిషి ఒకరు పక్కనే ఉంటారని, ఆఫీసువాళ్లు మాట్లాడారని చెప్పాను. అది ఆయన అడిగినదానికి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన చెయ్యి నా మణికట్టు మీద పడింది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"నువ్వు క్యాబిన్‌లోకి వచ్చిన రోజు నిన్ను కొట్టాలనిపించింది" అన్నారు. "నీ మీద కోపం కాదు. నువ్వు చెప్పింది నాకు ముందే తెలుసు. చెప్పేవాడు లేకపోతే అది నిజం కాదనుకుంటూ ఇంకొన్నాళ్లు బతికేవాణ్ని. ఆ కొన్నాళ్లలో నిన్ను చంపేసేవాణ్ని." నా మణికట్టు వదలకుండానే, "నీకూ ఎవరో ఒకరు కావాలి గంగా. నీ కోపానికి భయపడనివాళ్లు. అవసరం రాకముందే చూసి పెట్టుకో" అన్నారు.

లోపలికి వెళ్లే తలుపు దగ్గర ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మేమెవరమో తెలియదేమోనని భయపడ్డారేమో. నేనూ పిలవలేదు. నా భయమూ అదే.

ఆయన ఇప్పుడు వాళ్ల అమ్మాయి ఉండే ఊళ్లోనే ఒక వృద్ధుల కేంద్రంలో ఉన్నారు. ఒకసారి ఆ అమ్మాయి ఫోన్‌లో వీడియో కలిపింది. ముక్కు అలాగే వంగి ఉంది. నన్ను మర్యాదగా చూసి, మీ దగ్గర వాతావరణం ఎలా ఉందని అడిగారు. చాలా వేడిగా ఉందన్నాను. "పాపం" అన్నారు, ఎవరో పరాయి మనిషి కష్టానికి జాలిపడినట్టు.

ఎర్ర కోటు ఇప్పుడు నేను వేసుకుంటున్నాను. భయం పోలేదు, చోటు మారిందంతే. ముందు తలపైన వేలాడేవాటిని చూసి భయపడేవాణ్ని. ఇప్పుడు ఒక వాల్వు పేరు నోటికి రాకపోయినా, ఫోన్ ఎక్కడ పెట్టానో తెలియకపోయినా నాకూ అదే మొదలైందేమో అనుకుంటాను. పోయిన వారం సుజాతతో మాట్లాడుతూ, ఖాదర్ భాయ్ కూతురికి నర్సింగులో సీటు వచ్చిందని చెప్పాను.

"నిన్ననే చెప్పినవ్ గదా" అంది.

నాకు నిన్న చెప్పినట్టు లేదు. ఎంత వెతికినా లేదు. "నిజంగ చెప్పిన్నా?" అని అడిగాను.

"మర్చిపోయినవా ఏంది" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "సుజాతా, గిట్లనే చెప్పు. ఎప్పుడు తేడా కనబడ్డా గిట్లనే మొఖం మీద చెప్పు" అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. నా గొంతులో ఏదో వినబడి ఉంటుంది. "నీకు కోపమొస్తది గద" అంది.

"వస్తది. అయినా చెప్పు."